ప్లాస్మానా, ఎల్‌సీడీనా? మా ఇంట్లో జరిగిన పంచాయితీ

ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి, బూడిద రంగు బొమ్మ ఒకటి ఓపెన్ చేయండి. మీది అమోలెడ్ స్క్రీన్ అయ్యి, మూడు నాలుగేళ్ళు వాడేసి ఉంటే, కింద కీబోర్డో పైన బ్యాటరీ గుర్తో నీడలా కనిపించొచ్చు. మా ఇంట్లో అలాంటి నీడ ఒకటి 42 అంగుళాల సైజులో ఉంది. ఇవాళ దాని కథ.

2011 మార్చి. ఒకపక్క వరల్డ్ కప్, ఒకపక్క నాకు పదో తరగతి పరీక్షలు. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. సరిగ్గా అప్పుడే ఇంట్లో డబ్బా టీవీ చచ్చిపోయింది. నాన్న, నేను బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాం, దేవీచౌక్ దగ్గర షాపుకి. ఒక గోడకి 32 అంగుళాల ఎల్‌సీడీ, పక్కనే 42 అంగుళాల ప్లాస్మా. ప్లాస్మా ఆరు వేలు ఎక్కువ. సేల్స్ కుర్రాడు మాత్రం, "ఆయ్, ఎల్‌సీడీ తీసుకోండి బాబాయ్ గారూ, కరెంటు తక్కువ తాగుద్దండి" అన్నాడు. నాన్నకీ అదే నచ్చింది. నేను వినలేదు. "ఎల్‌సీడీలో బాల్ వెనకాల తోక కనిపిస్తోంది చూడు నాన్నా" అన్నాను. ఆయన రెండు టీవీలనీ కాసేపు చూసి, "చదువుకుంటున్నోడివి, నువ్వు చెప్పిందే" అన్నారు.

నేను చెప్పింది తప్పు కాదు. ప్లాస్మా తెర అంటే లక్షల కొద్దీ బుల్లి ట్యూబ్‌లైట్లు అనుకోండి. ఒక్కో గదిలో నియాన్, జెనాన్ గ్యాస్. కరెంటు తగిలితే అతినీలలోహిత కిరణాలు పుడతాయి, అవి ఫాస్ఫర్ పూతకి తగిలి రంగు వెలుగుతుంది. ఏ చుక్క వెలుగు దానిదే. ఎల్‌సీడీ అలా కాదు. వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, ముందు లిక్విడ్ క్రిస్టల్స్ తలుపు రెక్కల్లా తిరుగుతూ ఆ వెలుగుని ఆపుతాయి, వదుల్తాయి. పూర్తిగా ఆపలేవు కాబట్టి నలుపు బూడిదలా ఉంటుంది. రెక్క తిరగడానికి టైం పడుతుంది కాబట్టి బాల్‌కి తోక వస్తుంది.

ప్లాస్మా అసలు టీవీ కోసం పుట్టలేదు. 1964లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో డోనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ దాన్ని ప్లేటో అనే కంప్యూటర్ పాఠాల సిస్టమ్ కోసం తయారుచేశారు. అప్పట్లో మెమరీ చాలా ఖరీదు. ఒకసారి వెలిగించిన చుక్కని తెరే గుర్తుపెట్టుకుంటే మెమరీ ఖర్చు మిగులుతుందని ఆలోచన. ఎల్‌సీడీని అమెరికాలోనే ఆర్‌సీఏ కంపెనీ 1968లో ప్రపంచానికి చూపించింది, కానీ వదిలేసింది. జపాన్‌లో షార్ప్ 1973లో దాన్ని క్యాలిక్యులేటర్‌లో పెట్టి అమ్మేసింది.

కథ మలుపు తిరిగింది అక్కడే. ఎల్‌సీడీని వాచీలో పెట్టొచ్చు, ల్యాప్‌టాప్‌లో పెట్టొచ్చు, ఫోన్‌లో పెట్టొచ్చు. అన్నిచోట్లా అమ్ముడయ్యేకొద్దీ ఫ్యాక్టరీలు పెరిగాయి, ధర పడింది. ప్లాస్మా గదులని మరీ చిన్నగా చేయడం కష్టం, అందుకే అది పెద్ద టీవీల దగ్గరే ఆగిపోయింది. పైగా షోరూం లైట్ల కింద ఎల్‌సీడీయే మెరుస్తుంది. చీకటి గదిలో ప్లాస్మా ఎంత బాగుంటుందో షాపులో ఎవరికి తెలుస్తుంది చెప్పండి? మన ఇళ్ళలో అయితే పగలంతా వీధి తలుపు తీసే ఉంటుంది. మా ప్లాస్మా అద్దంలో సినిమా కంటే మా కొబ్బరిచెట్టే బాగా కనిపించేది.

ఏప్రిల్ 2న ఫైనల్. ధోని సిక్స్ కొట్టినప్పుడు మా హాల్లో సగం వీధి ఉంది. నేను ప్లాస్మాని నేనే కనిపెట్టినంత ఫోజు కొట్టాను.

ఆ ఖరీఫ్‌కే కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. ధాన్యానికి గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చులు పెరిగిపోయాయి, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయి. నాన్న కూడా ఊడ్పులు మానేశారు. నా ఇంటర్ ఫీజుకి అమ్మ గాజులు తాకట్టుకెళ్ళాయి. ఆ సంగతి అమ్మ నాకు పోయినేడు చెప్పింది. ఆరు వేలతో గాజులు ఆగిపోయేవా అంటే ఆగేవి కాదు, లెక్క నాకూ తెలుసు. అయినా విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

2012లో కోతలు మొదలయ్యాక ఇన్వర్టర్ కొన్నాం. 12 వోల్ట్‌లు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. ప్లాస్మా ఒక్కటే 200 వాట్లు దాటి లాగేస్తుంటే ఇక ఫ్యాన్‌కి ఏం మిగులుద్ది? కోతలో టీవీ పెట్టకూడదని నాన్న రూలు పెట్టారు.

2013 జూలై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వచ్చింది. ఆగస్టులో ఉద్యోగుల సమ్మె మొదలైంది, ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. నాన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే న్యూస్ ఛానెల్. అక్టోబర్‌లో కరెంటు ఉద్యోగులు కూడా సమ్మెకి దిగారు, సీమాంధ్ర చీకటైపోయింది. కరెంటు సరిగ్గా వచ్చాక టీవీ పెడితే, తెర కింద బ్రేకింగ్ న్యూస్ పట్టీ అలాగే ఉంది. ఛానెల్ మార్చాం, పట్టీ పోలేదు. నెలల తరబడి ఒకేచోట వెలిగిన ఫాస్ఫర్ మిగతావాటి కంటే ముందే అరిగిపోయింది, అంతే. దీన్నే బర్న్-ఇన్ అంటారు. సరిగ్గా అదే నెల, అక్టోబర్ 31న, ప్లాస్మా తయారీ ఆపేస్తున్నామని పానసోనిక్ ప్రకటించింది. మరుసటి ఏడాది శాంసంగ్, ఎల్‌జీ కూడా ఆపేశాయి. (మా టీవీ ఏ కంపెనీదో చెప్పను, కామెంట్లలో అడక్కండి.)

ఒక్కో చుక్కకి సొంత వెలుగు అన్న ఐడియా మాత్రం చావలేదు. మీ అమోలెడ్ ఫోన్‌లో ఉన్నది అదే, గ్యాస్ బదులు ఆర్గానిక్ పదార్థం. అందుకే ఆ నీడ జబ్బు కూడా దానితోపాటే వచ్చింది. షాపులో ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేవి చాలావరకు ఎల్‌సీడీలే, వెనక లైటు ఒక్కటే మారింది.

ఉద్యోగం వచ్చాక హాల్లోకి అలాంటిదే ఒకటి కొన్నాను. ప్లాస్మా నాన్న గదిలోకి వెళ్ళింది. ఇప్పటికీ పనిచేస్తుంది. క్రికెట్‌లో అంపైర్ తెల్ల టోపీ వచ్చినప్పుడల్లా, దాని మీద 2013 పట్టీ తేలుతుంది. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దాం నాన్నా అని మొన్న సంక్రాంతికి అడిగాను.

"బాల్‌కి తోక కనపడట్లేదుగా, ఉండనీరా" అన్నారు.