పోటునీటికి గోడ ఎక్కడ?

అప్పనపల్లి రేవున నిలిచి వైనతేయను చూచువారికి, సముద్రమునకు పోవలసిన నీరు పోటువేళ ఎగువకు ఎక్కివచ్చుటయు, పాటువేళ ఓడలరేవు వైపునకు తిరిగి జారుటయు కానవచ్చును. ఈ రాకపోకలచే పని చేయించుకొనవచ్చునను ఊహ క్రొత్తది కాదు. ఇంగ్లండునందలి వుడ్‌బ్రిడ్జిలో పోటునీటితో తిరుగు పిండిమర ప్రసక్తి 1170 నాటికే కలదు. పోటున నిండిన చెరువుకు తలుపు వేసి, సముద్రము తగ్గిన పిమ్మట ఆ నీటిని చక్రముమీదికి వదలెడివారు. నేటి విద్యుత్తు మడుగునకును సూత్రమిదియే. చక్రమునకు బదులు టర్బైను, చెరువుగట్టునకు బదులు సముద్రములో గోడ.

ఆ గోడ ఎక్కడ నుండవలెను? ఒడ్డునంటి కట్టినచో ఒడ్డే ఒక ప్రక్క గట్టగును. తిన్నని తీరమున అర్ధవృత్తముగ కట్టిన గోడ, అంతే విస్తీర్ణము గల పూర్ణవృత్తపు గోడకంటె సుమారు 29 శాతము పొట్టిది. లోతు తక్కువ గనుక ఎత్తును తగ్గును. ఒడ్డు విడిచి కట్టినచో వ్యయము హెచ్చును. కాని తీరము తన బ్రతుకు తాను బ్రతుకును.

వేల్సులోని స్వాన్సీ అఖాతమున ఈ రెండును ప్రతిపాదింపబడినవి. 2004లో ఒడ్డుకు మైలు దూరమున 60 మెగావాట్ల మడుగు నొకదానిని తలపెట్టిరి. తరువాత ఒడ్డునంటి 9.5 కిలోమీటర్ల గోడతో 320 మెగావాట్ల మడుగును రూపొందించిరి. రెండవదానికి 2015లో నిర్మాణానుమతి లభించెను. వ్యయము అధికమని 2018లో బ్రిటిషు ప్రభుత్వము నిరాకరించెను. రెండును కట్టబడలేదు.

కట్టినచోట్ల నేర్చినదేమి? ఫ్రాన్సులోని రాన్స్ నదీముఖమున 1966లో 240 మెగావాట్ల కేంద్రము వెలసెను. అది మడుగు కాదు, అడ్డుకట్ట, అయినను పాఠమొకటే. నిర్మాణకాలమున సముద్రపు రాకపోకలు ఆగి అచటి జలజీవులు నశించినవి. కోలుకొనుటకు పదేండ్లు పట్టెను. దక్షిణ కొరియాలోని సిహ్వాలో 1994లో మంచినీటికై కట్టిన గోడవెనుక నీరు కుళ్లగా, అదే గోడలో 254 మెగావాట్ల కేంద్రము నిలిపి 2011 నుండి పోటునీటిని మరల లోనికి రానిచ్చిరి.

ఇక మన సంగతి. పోటు ఎత్తు రెట్టింపైనచో మడుగు నిచ్చు శక్తి నాలుగింతలగును. రాన్సు వద్ద సగటు ఎత్తు 8 మీటర్లు. మన తీరమున సామాన్యముగా ఒకటిన్నర మీటరు లోపే. అనగా అంతే విస్తీర్ణము గల మడుగు ఇచట అందులో 28వ వంతు శక్తి నిచ్చుటయు కష్టమే. గుజరాతులోని ఖంబాతు అఖాతమునకు 7,000 మెగావాట్ల అవకాశము లెక్కింపబడినది. ఆ అదృష్టము గోదావరి ముఖములకు లేదు.

అయినను ఒకనాడు తక్కువ ఎత్తునకు తగిన యంత్రములు రావచ్చును. అప్పుడు ఎవ్వరైనను ఒడ్డునంటిన మడుగే చౌక యందురు. ఆ లెక్కలో రైతు పేరు ఉన్నదో లేదో చూడవలెను. 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట నుండియు, వైనతేయ దాటి నాగరము లంకకు నీరు తెచ్చిన గన్నవరము అక్విడక్టు నుండియు ఈ సీమ శ్రమయంతయు మంచినీటిని రప్పించి, మురుగును పాటువేళ సముద్రమునకు పంపుటయే. మడుగు తన నీటిని ఎత్తున నిలుపు వేళయే మురుగు దిగవలసిన వేళ. దిగనిచో వరి మునుగును. 2022లో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించినపుడు వారి మొరలలో మురుగు కదలకపోవుటయు ఒకటి.

నడిసముద్రపు గోడకు ఈ దోషము లేదు. కాని 1996 నవంబరు 6 నాటి తుపాను వంటిది వచ్చినచో ఆ గోడ తాళవలెను. శక్తికై నేల చెల్లించు వెల ఈ చుట్టుప్రక్కల వారికి తెలియనిది కాదు: 1995లో పొరుగూరగు పాశర్లపూడిలో చమురుబావి 65 దినములు మండినది. కావున గోడ పొడవు కొలుచుటకు ముందు మురుగుకాలువ వాలు కొలువవలెనని మా మనవి.