చందమామ చొక్కాకి ఆది ఎక్కడ?

జులై వచ్చిందంటే మన బడుల్లో బుల్లి ఆర్మ్‌స్ట్రాంగులు పుట్టుకొస్తారు. వీపున అట్టపెట్టె, ఒంటినిండా వెండి కాగితం, తలమీద బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట. 1969 జులై 20న చంద్రుడి మీద మనిషి కాలుమోపాడు కాబట్టి ఈ ఫ్యాన్సీ డ్రెస్సుకు ఏటా గిరాకీయే. ముద్దొచ్చే ఆ వేషంలో ఒక పొరపాటు మాత్రం తప్పకుండా ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ తొడుక్కున్నది తెల్ల బట్ట. వెండి మెరుపు అంతకుముందటి మెర్క్యురీ యాత్రల వ్యోమగాములది. ఆ వెండి సూట్ల ఫొటోలు మన కళ్లలో ఎంతగా పాతుకుపోయాయంటే, స్పేస్‌సూటు అనగానే రేకులూ కవచాలే గుర్తొస్తాయి. పిల్లల్ని అని ఏం లాభం, పెద్దలమూ దాన్ని యంత్రాల ఖాతాలోనే రాస్తాం. నిజానికది దర్జీ ఖాతాలో పడాల్సిన సరుకు. ఈ సంగతి చరిత్ర చదివినవాళ్లకంటే, అచ్చం అసలులా ఉండే నకలు కుట్టడానికి కూర్చున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. అందుకే ఆ నకళ్లను ఉత్త వేషాలని తీసిపారేయడం సరికాదని నా వాదన.

ఆకాశయానానికి వేరే బట్టలు కావాలన్న ఆలోచనే చాలా ఆలస్యంగా పుట్టింది. మన నారదుడు మూడు లోకాలూ తిరిగాడు గానీ వీణ తప్ప పెద్ద సరంజామా ఏదీ పట్టుకెళ్లలేదు. 1902లో ఫ్రెంచి దర్శకుడు జార్జి మెలియస్ తీసిన సినిమాలో పండితులు కోట్లు వేసుకుని, గొడుగులు పట్టుకుని చంద్రుడి మీద దిగిపోయారు. 1934లో అమెరికా విమాన చోదకుడు వైలీ పోస్ట్, టైర్లు చేసే గుడ్‌రిచ్ కంపెనీ చేత రబ్బరు సూటు చేయించుకుని మబ్బులు దాటి ఎగిరాడు. దాని తలభాగం సముద్రంలో దిగేవాళ్ల హెల్మెట్‌కు దగ్గరి చుట్టం. దాన్ని రూపొందించిన రసెల్ కాలీ, ఆ తరవాత టమాటా మొక్క మీది పురుగు ఒళ్లు వంచే తీరు చూసి మోచేతులకీ మోకాళ్లకీ ముడతలు పెట్టాడంటారు. 1950లో ‘డెస్టినేషన్ మూన్’ తీసిన హాలీవుడ్‌వాళ్లు ఒక్కో యాత్రికుడికి ఒక్కో రంగు సూటు వేశారు. హెల్మెట్ల వెనక ఎవరెవరున్నారో ప్రేక్షకుడికి తెలియాలి కదా. ఈ రంగుల సంగతి గుర్తుంచుకోండి.

అసలు చిక్కు గాలితో. శూన్యంలో బతకాలంటే బట్టలో గాలి నింపాలి, నింపితే బట్ట బిగుసుకుపోతుంది. 1965 మార్చి 18న మొట్టమొదటగా నౌక దాటి బయటికొచ్చిన సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్‌కు ఇది ప్రాణాల మీదికి వచ్చింది. సూటు ఉబ్బిపోయి వేళ్లు తొడుగుల్లోంచి, పాదాలు బూట్లలోంచి జారాయి. కొంత గాలి వదిలేసుకుంటే గానీ లోపలికి దూరలేకపోయాడు. నకలు కుట్టేవాడి తలనొప్పి దీనికి తలకిందులు. అతని సూటులో గాలి ఉండదు. వేలాడేస్తే పైజామాలా జారిపోతుంది. దాన్ని నిజంలా నిలబెట్టాలంటే స్పాంజి, దూది, మందపాటి అస్తరు పెట్టి లేని గాలిని ఉన్నట్టు చూపించాలి. అందుకు ఎక్కడ ఉబ్బాలో కాదు, ఎక్కడ ఉబ్బకూడదో తెలియాలి. భుజం దగ్గర తీగ ఎందుకుంది, ముడతలు కీళ్లకే ఎందుకు పరిమితమయ్యాయి అని ఆరా తీయాలి. అలా తీస్తూ పోతే దారి సరాసరి డెలవేర్ రాష్ట్రంలోని డోవర్ అనే చిన్న ఊరికి, ఆడవాళ్ల లోదుస్తులు కుట్టే కంపెనీకి వెళ్తుంది.

ఆ కంపెనీ ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్. ప్లేటెక్స్ పేరుతో బ్రాలు, నడుము బిగించే రబ్బరు గర్డిళ్లు అమ్మేది. 1962లో అపోలో చంద్రయాత్రల సూటు పని దక్కినా, పెత్తనం మాత్రం హామిల్టన్ స్టాండర్డ్ అనే ఇంజినీరింగు సంస్థది. ఇద్దరికీ పొసగలేదు. చివరికి లేటెక్స్ వాళ్లను బయటికి పంపేశారు. వాళ్లు ఊరుకోలేదు. 1965లో నాసా హ్యూస్టన్‌లో పోటీ పెడితే మాకూ అవకాశం ఇమ్మని అడిగి, ఆరు వారాల్లో కొత్త సూటు కుట్టుకొచ్చారు. ఆ పోటీ కథ ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. డేవిడ్ క్లార్క్ కంపెనీ సూటుకి పరీక్ష మధ్యలో హెల్మెట్ ఊడిపోయింది. హామిల్టన్ వాళ్ల సూటు గాలి నింపగానే భుజాలు విచ్చుకుని నౌక తలుపులో పట్టలేదు. బ్రాల కంపెనీ సూటు మాత్రం వంగమంటే వంగింది. తరవాత కూడా అనుమానాలు పోకపోతే, సూటు తొడిగిన మనిషి చేత ఫుట్‌బాల్ మైదానంలో పరుగులు తీయించి, బంతి విసిరించి, సినిమా తీసి చూపించారు. ఒంటిని బిగించి పట్టుకుంటూనే కదలనివ్వడం గర్డిల్ కుట్టేవాళ్లకు రోజువారీ పని. బ్రాలలో వాడే నైలాన్ ట్రైకాట్ గుడ్డే సూటు కీళ్ల రబ్బరు ముడతల లోపలికీ వెళ్లింది.

కుట్టుపని గదిలో ఎలియనోర్ ఫొరేకర్ లాంటి ఆడవాళ్లు సింగర్ మిషన్ల ముందు కూర్చున్నారు. 21 పొరలు. కుట్టు దారి అంగుళంలో 64వ వంతు తప్పితే ఆ ముక్క పక్కన పెట్టేయాల్సిందే. మామూలు దర్జీకి గుండుసూదులు లేనిదే చెయ్యి ఆడదు. ఇక్కడ ఒక్క సూది పొరల మధ్య ఉండిపోతే రబ్బరుకి చిల్లే, చిల్లు పడితే మనిషికి చావే. అందుకని కుట్టిన సూట్లను ఎక్స్‌రే తీసి చూసేవారు. 1967 జనవరి 27న అపోలో 1లో మంటలు చెలరేగి ముగ్గురు వ్యోమగాములు బలైన తరవాత, పై పొరకు గాజు పోగుల మీద టెఫ్లాన్ పూసిన బీటా గుడ్డ వచ్చింది. చేతి తొడుగులకీ పై బూట్లకీ సన్నటి లోహపు పోగులతో నేసిన క్రోమెల్-ఆర్ వాడారు. అది వెండిలాగే మెరుస్తుంది. వెండి కాగితం మీద మోజు తీరని తల్లిదండ్రులు దాన్ని అక్కడ వాడుకోవచ్చు. వేలికొనలకు నీలం సిలికాన్ టోపీలు, ఎడమ చేతి తొడుగు మీద చేయాల్సిన పనుల జాబితా అచ్చువేసిన గుడ్డ, ఛాతీ మీద గాలి లోపలికి వచ్చే గొట్టానికి నీలం రింగు, బయటికి పోయే గొట్టానికి ఎరుపు. నకలు చేసేవాళ్లు నెలల తరబడి తగువులాడుకునేది ఈ వివరాల మీదే.

కుట్టుపని ఆడవాళ్లను ఆకాశానికెత్తి ఇంజినీర్లను చిన్నబుచ్చుతున్నానని కొందరనవచ్చు. ఇంజినీర్లు లేకపోతే కొలతలూ లేవు, పరీక్షలూ లేవు, నిజమే. కానీ పోటీకొచ్చిన మూడు కంపెనీల్లోనూ ఇంజినీర్లు ఉన్నారు. పొర మీద పొర పెట్టి భుజం మలుపు ఎలా తిప్పాలో ఏ డ్రాయింగూ చెప్పదు. అది చేతికి తెలియాలి. ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. గాలి నిలవని సూటు ఎంత అందంగా కుట్టినా బొమ్మే కదా, అది నేర్పేదేమిటి అని. అలాగైతే ఇప్పుడు అసలు సూట్లలోనూ గాలి నిలవదు. లోపలి రబ్బరు గట్టిపడి పెళుసుబారిపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ సూటును స్మిత్‌సోనియన్ మ్యూజియం 2006లో ప్రదర్శన నుంచి తీసేసింది. 2015లో జనం దగ్గర 7 లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి, త్రీడీలో స్కాన్ చేసి, బాగుచేసి 2019 జులై 16న మళ్లీ పెట్టింది. దాన్ని విప్పి లోపలి కుట్లు చూడనిచ్చేది ఎవరినని? జాకెట్టు కుట్టించుకునేవాళ్లు పాతదాన్ని ఆది ఇచ్చినట్టు మ్యూజియం తన సూటును ఎవరికీ ఇవ్వదు. 2019లో ఆ సంస్థే ఆ స్కాన్ ఆధారంగా నిలువెత్తు నకళ్లు చేయించి 15 బేస్‌బాల్ స్టేడియాల్లో నిలబెట్టింది. నకలు ఉత్త బొమ్మే అయితే ఆ పని చేసేదా?

రంగుల సంగతి అన్నాను కదా. అపోలో 11 నుంచి ఫొటోలు వచ్చాక ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరో, అతనితో దిగిన ఆల్డ్రిన్ ఎవరో పోల్చుకోవడం కష్టమైంది. అందుకని అపోలో 13 నుంచి కమాండర్ సూటుకు ఎర్ర పట్టీలు వేశారు. ఆ నౌక చంద్రుడి మీద దిగలేదు కాబట్టి, పట్టీలు అక్కడ కనిపించింది 1971లో అపోలో 14తో. సినిమావాళ్లకు తట్టిన ఉపాయం నాసాకు తట్టేసరికి దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది.

ఈ రంగుల సంగతి పక్కన పెడితే, అక్కడివరకూ అసలు ముందు, నకలు వెనక అని ఒక వరస ఉందనుకోవచ్చు. ఇటీవలి కాలంలో ఆ వరసే చెదిరింది. స్పేస్‌ఎక్స్ తన సూటు రూపానికి పిలిపించింది బ్యాట్‌మ్యాన్ సినిమాలకు వేషాలు కట్టిన హోజే ఫెర్నాండెజ్‌ను. ఇదేదో సినిమా పని అనే మొదట అనుకున్నానని ఆయనే చెప్పాడు. ముందు రూపం తయారైంది, గాలి నిలిపే పని తరవాత ఇంజినీర్లకు అప్పగించారు. 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా నింగికెగిరింది ఆ సూటులోనే. 2023 మార్చిలో యాక్సియమ్ సంస్థ హ్యూస్టన్‌లో చూపించిన చంద్రయాత్ర సూటు మీద ఉన్న నల్లటి తొడుగును రూపొందించింది ‘ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్’ సీరియల్ దుస్తుల డిజైనర్ ఎస్తర్ మార్క్విస్. అది కంపెనీ రహస్యాలు దాచే ముసుగు మాత్రమే, చంద్రుడి మీదికి వెళ్లేది తెల్లదే. అదే ఏడాది ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా కూడా ఈ పనిలో చేరింది. ఆ నల్ల ముసుగు చూసి కుట్టిన వేషం అసలుకి నకలా, నకలుకి నకలా?

మన దగ్గరా లెక్క తేలలేదు. 2018లో వరుణ్ తేజ్ ‘అంతరిక్షం’లో సూటు వేసుకున్నాడు. అదే ఏడాది బెంగళూరు ప్రదర్శనలో ఇస్రో తిరువనంతపురంలో చేసిన నారింజ రంగు సూటు చూపించింది. ఆ తరవాత గగన్‌యాన్ వ్యోమగాముల సూట్ల పని మాత్రం రష్యాలోని జ్వెజ్దా సంస్థకు వెళ్లింది. 1984లో రాకేశ్ శర్మకు కుట్టిందీ వాళ్లే. గగన్‌యాన్ వేషం కుట్టాలని ఉబలాటపడే మన దర్జీలు నారింజ గుడ్డ కొనేముందు కాస్త ఆగడం మంచిది.