పాలారు లోయలో తోలు, గంధకం, సూక్ష్మజీవులు

వేలూరు, కౌండిన్య నది ఒడ్డున వెలసిన గుడియాత్తం, పాలారు వెంబడి సాగే ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలు కలిసిన ఈ నేలలో చాలా భాగం, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు, చిత్తూరు పరిసరాల తెలుగు సీమతో పాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉండేది. ఇక్కడ పాతుకున్న తోళ్ల పరిశ్రమ చరిత్ర గంధకంతోనూ, కంటికి కనిపించని సూక్ష్మజీవులతోనూ విడదీయరానంతగా పెనవేసుకుంది.

పాత పద్ధతిలో పచ్చితోలును సున్నపు గుంటల్లో రోజుల తరబడి నానబెట్టేవారు. సున్నం వెంట్రుకల కుదుళ్లను వదులు చేసేది; పలుమార్లు వాడిన పాత సున్నపు నీటిలో పెరిగిన బాక్టీరియా కూడా ఆ పనికి తోడ్పడేది. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయలలోని టానిన్లు, అంటే చర్మంలోని మాంసకృత్తులను బిగించి కుళ్లిపోకుండా కాపాడే వగరు పదార్థాలు, తోలును పదును చేసేవి. ఇలా తయారైన సరుకు ‘ఈస్ట్ ఇండియా’ తోళ్ల పేరుతో విదేశాలకు ఎగుమతయ్యేది.

సోడియం సల్ఫైడు రాకతో ఈ పని వేగం పుంజుకుంది. వెంట్రుకలోని కెరాటిన్ అనే మాంసకృత్తును గంధకపు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. సల్ఫైడు వాటిని తెంచివేయడంతో రోజుల పని గంటల్లోకి కుదించుకుపోయింది. ఆపై క్రోమియం సల్ఫేటుతో పదును చేసే పద్ధతి వ్యాపించి, వ్యర్థజలంలో సల్ఫేట్లనూ పెంచింది. గాలి అందని మురుగులో కొన్ని బాక్టీరియాలు ఈ సల్ఫేట్లను కుళ్లిన గుడ్ల వాసన గల విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి.

ఈ వ్యర్థజలాలు చేసిన హాని న్యాయస్థానానికెక్కింది. తోళ్ల కర్మాగారాలున్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికంగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న అంచనాను ప్రస్తావిస్తూ, 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని భారతీయ చట్టంలో భాగంగా గుర్తించింది.

గంధకాన్ని తొలగించడానికి పరిశోధకులు మళ్లీ సూక్ష్మజీవులనే ఆశ్రయించారు. 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ, అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ నేతృత్వంలో ఎదిగిన సంస్థ, వ్యర్థజల శుద్ధిలో సల్ఫైడు తొలగింపునూ అధ్యయనం చేసింది. థయోబాసిల్లస్ వంటి బాక్టీరియాలు పరిమితంగా ఆక్సిజన్ అందినప్పుడు సల్ఫైడును ఘన గంధకంగా మారుస్తాయి. గాలి మితిమీరితే అదే గంధకం సల్ఫేటుగా మారి తిరిగి నీటిలో కరుగుతుంది.

అయితే గంధకాన్ని మార్చే సూక్ష్మజీవి, పచ్చితోళ్లను నిల్వచేయడానికి వాడే ఉప్పును మాత్రం తొలగించలేదు. అందుకే పాలారు నేల కోలుకోవాలంటే, వ్యర్థాన్ని చివర్లో శుద్ధి చేయడంతో సరిపెట్టుకోక, మొదటి దశలోనే ఉప్పు, సల్ఫైడుల వాడకాన్ని తగ్గించడం అత్యవసరం.