లెక్కకు రాని పరుగు

హ్యారీ క్రో బక్ 1919లో మద్రాసు వచ్చేసరికి మన కాలేజీల్లో ఆటలు లేకపోలేదు. క్రికెట్ ఉంది, హాకీ ఉంది. లేనిదల్లా ఆడించేవాడు. వచ్చినవాడు ఆడేవాడు, రానివాడు గట్టున కూర్చుని చూసేవాడు. బక్ అమెరికాలో బాస్కెట్‌బాల్ పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో చదివి వచ్చిన మనిషి. ఆట నేర్పడం కూడా ఒక చదువేనని నమ్మి, 1920లో వ్యాయామ విద్యకు మద్రాసులో ఒక బడి తెరిచాడు. అదే తరవాత వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల అయింది. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు ఆయనే మేనేజరు. మెడలో ఈల వేసుకుని తెలుగు జిల్లాల హైస్కూళ్లలో తిరిగిన పాతతరం డ్రిల్లు మాస్టార్లు ఎందరో ఆ గేటు దాటి వచ్చినవాళ్లే.

నేర్పేవాడు దొరికాడు సరే, పోటీ ఎవరితో? విశ్వవిద్యాలయాలన్నీ కలిసి 1925లో ఒక అంతర్ విశ్వవిద్యాలయ మండలి పెట్టుకున్నాయి. అసలు పని చదువుల వ్యవహారాలు చూడటమే అయినా, ఆటలూ మెల్లగా దాని గొడుగు కిందికే చేరాయి. 1935లో క్రికెట్‌కు రోహింటన్ బారియా ట్రోఫీ వచ్చింది. 1956-57లో, మొత్తం ఆటలన్నిటిలో మేటి అయిన విశ్వవిద్యాలయానికి మౌలానా ఆజాద్ పేరిట ట్రోఫీ పెట్టారు. అది ఎక్కువసార్లు పంజాబు వైపు విశ్వవిద్యాలయాలకే వెళ్లిందన్నది మనం ఒప్పుకోవాల్సిన మాట. 1973లో ఆ మండలే భారత విశ్వవిద్యాలయాల సంఘంగా పేరు మార్చుకుంది. ఇప్పటికీ ఏ పోటీ ఎక్కడ, ఎప్పుడు అన్న క్యాలెండరు దానిదే.

మా పెనుగంచిప్రోలు పిల్లలు ఆ మెట్లెక్కడానికి మూడు విశ్వవిద్యాలయాల గడప తొక్కారు. 1926లో బెజవాడలో పుట్టి వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటిది. గుంటూరు పక్క నల్లపాడులో పీజీ సెంటరుగా మొలకెత్తి, 1976లో సొంత విశ్వవిద్యాలయమైన నాగార్జున రెండోది. 2008లో బందరులో పెట్టిన కృష్ణా విశ్వవిద్యాలయం మూడోది. నందిగామలో గానీ జగ్గయ్యపేటలో గానీ డిగ్రీ చదివే పిల్లవాడి సర్టిఫికెట్ మీద పేరు మారుతూ వచ్చింది కానీ దారి మారలేదు. అడ్మిషన్ రోజు కట్టే ఫీజులో ఐయూటీ అని చిన్న పద్దు ఉంటుంది. అంటే ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్ ఫీజు. తాము ఏనాడూ మైదానంలో అడుగుపెట్టని వేలమంది కట్టిన ఆ రూపాయలే, గెలిచిన పదిమందికి రైలు టిక్కెట్టుగా, ట్రాక్‌సూటుగా మారతాయి. కాలేజీలో పీడీ గారు, అంటే ఫిజికల్ డైరెక్టరు, ఎంపిక చేస్తారు, ఇంటర్ కాలేజియేట్‌లో నెగ్గాలి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయం జట్టు, అక్కడి నుంచి దేశం. అక్కడ రాణిస్తే చేతికొచ్చే ఫారం-3, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుంది. చాలా ఇళ్లలో ఆటకు అనుమతి దొరికేది ఆ కాగితం కోసమే, అందులో తప్పేమీ లేదు.

ఈ నిచ్చెన ఎంత బలమైందో, ఎక్కడ బీటలు వారిందో ఒకే ఒక్క అమ్మాయి పరుగు చూపించింది.

యర్రాజి జ్యోతిది విశాఖపట్నం. తండ్రి సెక్యూరిటీ గార్డు. పోర్టు హైస్కూల్లో పీఈటీ మాస్టారు ఆ పిల్ల పొడుగు చూసి, హర్డిల్స్‌కు సరిపోతుందన్నారు. ఆ మాస్టారి కంట పడకపోయి ఉంటే ఈ కథే లేదు. ఆడవాళ్ల 100 మీటర్ల హర్డిల్స్ పరుగులో దారికి అడ్డంగా పది హర్డిళ్లు ఉంటాయి. ఒక్కోటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు, ఒకదానికీ మరోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ జాగాలో మూడే అడుగులు పడాలి.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున బరిలోకి దిగిన జ్యోతి 13.03 సెకన్లలో గీత దాటింది. 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న జాతీయ రికార్డు 13.38. పద్దెనిమిదేళ్లుగా కదలని అంకె ఒక్క దెబ్బకు కూలినట్టే అనిపించింది.

కూలలేదు. రికార్డుగా ఒప్పుకోవాలంటే పరుగెత్తినవాళ్లకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరీక్ష చేసి ఉండాలి, అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా సాంకేతిక ప్రతినిధి అక్కడ ఉండాలి. ఆ రోజు ఆ రెండూ లేవు. మా ఊరి తిరుపతమ్మ తిరునాళ్లలో ఎడ్లు బండ లాగితేనే, ఈల పడగానే అందరి ముందూ టేపు పరిచి ఎన్ని అడుగులో, ఎన్ని అంగుళాలో చదివి వినిపిస్తారు. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ చేరిన చోట ఆ కొలత పూర్తికాలేదు. పిల్ల తన పని తాను చేసింది. పెద్దలది మిగిలిపోయింది.

ఆపైన కరోనా వచ్చింది, వెన్ను గాయం వచ్చింది, రెండేళ్లు కరిగిపోయాయి. భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ అనే బ్రిటిష్ కోచ్ దగ్గర సాధన సాగింది. 2022 ఏప్రిల్‌లో ఫెడరేషన్ కప్ కోసం కేరళ వెళ్లింది. మైదానం కాలికట్ విశ్వవిద్యాలయానిదే. ఈసారి 13.09. నియమాలన్నీ సరిగ్గా పాటించారు, కానీ గాలి అడ్డుపడింది. ఈ పరుగులో తుపాకీ పేలిన క్షణం నుంచి పదమూడు సెకన్ల పాటు, ట్రాక్ పక్కన నిలబెట్టిన మీటరు గాలి వేగం నమోదు చేస్తుంది. వెనక నుంచి తోసే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదు. ఆ రోజు 2.1. ఒక్క పదో వంతు తేడాతో రెండో రికార్డూ పోయింది.

ఇంకొకరైతే విసుగెత్తి మానేసేవారే. నెల తిరిగాక, మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23 సెకన్లలో పరుగెత్తింది. విచిత్రం చూడండి, పోగొట్టుకున్న రెండు పరుగుల కంటే ఇదే నెమ్మది. అయినా రికార్డు అయింది ఇదే, ఎందుకంటే అన్ని గడులూ నిండాయి. అదే నెలలో ఇంగ్లండులోని లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04 వచ్చాయి. మూడబిద్రి అంకెను లెక్కకు వచ్చే పరుగుతో దాటడానికి అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. బెంగళూరులో 12.82. హర్డిల్స్‌లో పదమూడు సెకన్ల లోపు పరుగెత్తిన మొదటి భారతీయురాలు మన విశాఖ పిల్ల.

2023 జులై, ఆగస్టుల్లో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు జరిగాయి. 1923లో పారిస్‌లో తొలిసారి జరిగిన అంతర్జాతీయ విద్యార్థి పోటీల వారసత్వం వాటిది. అక్కడ జ్యోతి 12.78తో కాంస్యం గెలిచింది, అదీ జాతీయ రికార్డే. మరుసటి ఏటి పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా వెళ్లే హద్దు 12.77. మళ్లీ సెకనులో నూరో వంతు! చివరకు ప్రపంచ ర్యాంకుతో పారిస్ చేరి, ఒలింపిక్స్‌లో ఈ పరుగుకు భారత్ నుంచి వెళ్లిన మొదటి మహిళ అయింది.

మన కాలేజీల్లో పీడీ పోస్టు ఖాళీగా ఉంటే ఎవరూ ధర్నా చేయరు. లెక్చరర్ లేకపోతే గగ్గోలు పెట్టే మనం, ఈల ఊదేవాడు లేకపోతే గమనించను కూడా గమనించం. ఇది మారాలి. మీ ఇంటి పిల్ల ఈ ఏడాది ఇంటర్ కాలేజియేట్‌కు వెళ్తానంటే పంపండి. పంపి ఊరుకోకండి, ఫలితాల కాగితం అడిగి తీసుకుని, అందులో గాలి వేగం రాశారో లేదో చూడండి.