లచ్చన్న యను నామము, దాని వ్రాత

మన మహాసభకు వచ్చు సభ్యుల పేర్ల పట్టికను సరిచూచు పని యీ యేడు మాకు అప్పగింపబడినది. సోంపేట మొదలు టెక్కలి వఱకు గల గ్రామములనుండి వచ్చిన ఆ కాగితములలో లచ్చన్న, లచ్చయ్య, లచ్చుమమ్మ యను పేర్లు తఱచుగా కానవచ్చినవి. ఒక యువకుడు తన తాతగారి పేరును కొట్టివైచి, పైని ‘లక్ష్మణమూర్తి’ యని దిద్దియుండెను. కారణమడుగగా, “అది మొరటు పేరు గదండీ మాష్టారూ” అనెను. ఆ మాటయే యీ వ్యాసమునకు హేతువు.

లచ్చన్న మొరటు పేరు గాదు. ప్రాకృతమునకు వ్యాకరణము రచించిన వరరుచి, క్షకారమునకు సామాన్యముగా ఖకారమును విధించి, అక్షి, లక్ష్మి మొదలగు కొన్ని పదములలో మాత్రము ఛకారమును విధించెను. మన తెలుగునందును ఈ రెండు త్రోవలు నున్నవి. పక్షి పక్కి యైనది, రాక్షసి రక్కసి యైనది. లక్ష్మి మాత్రము లచ్చి యైనది. విష్ణువునకు లచ్చిమగడను పేరు నిఘంటువులకెక్కినదే. లక్ష్మన్నయు, లక్ష్మణుడును జనుల నోట లచ్చన్నయందే కలిసిపోయిరి. మన యుద్దానమున నింకొక విశేషము గలదు. ఇచట తెలుగువారును ఓఢ్రులును ఒకే వీధిలో కాపురముందురు. ఓఢ్రభాషలో క్షకారము ఖకారచ్ఛాయతో పలుకబడును. కావున వరరుచి చెప్పిన రెండు మార్గములును ఒకే బావికడ వినవచ్చును! ఉద్యానమే ఉద్దానమైనదని పలువురందురు. ప్రాకృతమున దానికి ఉజ్జాణ యని రూపము; మనవారి చెవి వేఱొక త్రోవ పట్టినది. మన సీమ పేరే యిట్టిదైనప్పుడు లచ్చన్నను చూచి సిగ్గుపడనేల?

ఇక నాంగ్లలిపిలో దీని వ్రాత. బారువ గ్రామమున 1909లో జన్మించి, ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, సర్దార్ బిరుదమంది, 2006లో దివంగతులైన గౌతు లచ్చన్నగారి పేరును ఆంగ్లమున వ్రాయునప్పుడు చకారద్విత్వమునకు ‘టి, సి, హెచ్’ అను మూడక్షరములు వాడుదురు. అందు ‘టి’ పలుకునది గాదు. ‘సి, హెచ్’ జంటను రెండుమార్లు వ్రాసినచో ఆంగ్లేయుని కంటికి వింతగా తోచును. వాచి, మ్యాచి యను వారి మాటలలో ఆ ‘టి’ ముందే యున్నది గదా. టెక్కలి శాసనసభ్యులు అచ్చెన్నాయుడుగారి పేరునను, నవలాకారులు బుచ్చిబాబుగారి పేరునను ఈ వ్రాతయే. మలయాకు పోయిన తమిళులు లక్ష్మిని లెట్చుమి యని వ్రాయుటయు నిట్టిదే. క్రికెటు క్రీడాకారులు లక్ష్మణ్‌గారు ‘క్ష’కు ‘ఎక్స్’ను వాడుదురు, అది వేఱొక యుపాయము. నాగావళిమీది తోటపల్లి ఆనకట్టకు సర్దారుగారి పేరు పెట్టినప్పుడు ఎవరును దానిని లక్ష్మణునిగా దిద్దలేదు.

దిద్దినవారము మేమే. ఉద్యోగములో చేరిన తొలి యేటనే, ఒక జీడితోట రైతు తన కుమారుని బడిలో చేర్పింపవచ్చి పేరు లచ్చన్న యని చెప్పెను. సంస్కృతము చదివిన గర్వముచేత మేము పట్టీలో ‘లక్ష్మణరావు’ అని వ్రాసితిమి. తండ్రి నిరక్షరాస్యుడు, చేతులు జోడించి వెడలిపోయెను. పదవతరగతి పత్రమున అదే పేరు నిలిచినది. తండ్రి కాలము చేసిన పిదప, భూమి పత్రములలో లచ్చన్న యనియు, చదువు పత్రములలో లక్ష్మణరావు అనియు నుండుటచే, ఇద్దఱొక్కరే యని రుజువు చేయుటకు ఆతడు రెండేండ్లు తిరిగెను. ఆతడు మమ్మొక్క మాటయు ననలేదు. మొన్న ఈ పట్టికకు తన వివరములు పంపుచు, ‘లచ్చన్న ఉరఫ్ లక్ష్మణరావు’ అని వ్రాసెను. మేము ఉరఫ్‌ను, దాని తరువాతి పేరును తీసివైచి, లచ్చన్న యనియే అచ్చునకిచ్చితిమి. పైన చెప్పిన యువకుని తాతగారి పేరును గూడ, ఆతని యనుమతితో, మొదటనున్నట్లే యుంచినాము.