కైసరు నాణెం నల్లగొండ మట్టిలో

డిసెంబరు రాగానే మఠంపల్లి శుభవార్త చర్చి పండగకు ముస్తాబవుతుంది. ఇటు ఆదివారం అనుబంధాలకు ఏసు గుర్తొస్తాడు. దాంతోపాటే పాత పేచీ కూడా: ఆయన నిజంగా పుట్టాడా? ఆధారమేది?

ఆధారాలు లేకపోలేదు, కొంచెమే ఉన్నాయి. పౌలు లేఖల్లో పాతవి క్రీ.శ. 50ల నాటివి. ఏసు సోదరుడు యాకోబును తాను కలిశానని ఆయనే రాసుకున్నాడు. క్రీ.శ. 93 ప్రాంతంలో యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఏసును రెండుచోట్ల ప్రస్తావించాడు. మొదటిచోట క్రైస్తవ లేఖకుల చేతివాటం ఉందని పండితులే ఒప్పుకుంటారు, రెండోది చాలామందికి సమ్మతం. 116 ప్రాంతంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్, తిబెరి కైసరు కాలంలో గవర్నరు పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేయించాడని రాశాడు. క్రైస్తవులంటే గిట్టనివాడి సాక్ష్యం కాబట్టి దానికి విలువెక్కువ.

ఆ తర్వాత పదహారు వందల ఏళ్లు దాటేద్దాం. 18వ శతాబ్దంలో జెస్యూట్ల కర్ణాటక మిషన్ తెలుగు నేలకు వచ్చింది. మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం'తో క్రీస్తు కథ ప్రబంధమైంది. ఏసు ఉన్నాడా అని ఆ కవి అడగలేదు, ఆయన్ను పద్యంలో కూర్చోబెట్టాడంతే.

నాకు ఇష్టమైన సాక్షి మాత్రం మన మట్టిలోనే దొరికింది. ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దేనారాలు బయటపడ్డాయి. అన్నీ అగస్టస్, తిబెరి కైసర్లవే. తిబెరి నాణేనికి ఒకవైపు ఆకుల కిరీటంతో చక్రవర్తి తల, చుట్టూ తాను దైవమైన అగస్టస్ కొడుకునన్న గొప్ప. రెండోవైపు కూర్చున్న స్త్రీమూర్తి. ఇవి ఫ్రాన్సులోని లియోన్ టంకశాలలో ముద్రపడ్డాయి. కైసరుకు పన్ను కట్టాలా అని అడిగినవాళ్లను ఏసు చూపించమన్న దేనారం ఇదేనని సంప్రదాయం. సువార్త ఉపమానంలో ద్రాక్షతోట కూలికి ఒకరోజు కూలి కూడా ఒక దేనారమే. మరి ఇక్కడికెలా వచ్చాయి? మిరియాలకూ సన్నబట్టకూ రోమ్ వెర్రిగా డబ్బు పోసింది. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. యెరూషలేములో పన్ను గొడవ నడుస్తున్న రోజుల్లోనే అదే ముఖమున్న వెండి మనవైపు ప్రయాణం కట్టింది. తలుచుకుంటే ముచ్చటేస్తుంది. కానీ నాణెం రుజువు చేసేది కైసరును, వడ్రంగి ఏసును కాదు. బీదవాడి బొమ్మ ఏ టంకశాలా ముద్రించదు.

ఆధునిక కాలానికొచ్చేసరికి పేచీ ఏసు ఉనికి మీదికే మళ్లింది. 19వ శతాబ్దంలో జర్మన్ బ్రూనో బావర్ ఏసు కల్పితమన్నాడు. మన హేతువాది ఎన్.వి. బ్రహ్మం 'బైబిలు బండారం' రాస్తే సర్కారు జప్తు చేసింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. అక్కడ తేలాల్సింది మతభావాలను గాయపరచడం గురించిన 295-ఎ సెక్షన్ సంగతే గానీ ఏసు సంగతి కాదు. కవి జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1978లో 'కరుణామయుడు' సినిమా రాగానే ఊళ్లలో చాలామందికి ఏసు విజయచందర్ ముఖంతోనే స్థిరపడిపోయాడు. దేవుణ్ణి నమ్మని అమెరికన్ పండితుడు బార్ట్ ఎర్మన్, ఏసు ఉన్నాడంటూ 2012లో ఏకంగా పుస్తకమే రాశాడు.

హేతువాద మిత్రులకు ఒక మనవి: మహిమల మీద ఎంతైనా వాదించండి, మనిషి ఉనికి మీద వాదిస్తే ఓడిపోతారు. విశ్వాసులకూ ఒక మాట: నాణేలూ రాళ్లూ వెతికి భక్తికి రసీదు తెచ్చుకోనక్కర్లేదు. గలిలయ బోధకుడు ఏసు ఉన్నాడు, పిలాతు హయాంలో సిలువ మీద చనిపోయాడు. చరిత్ర ఇంతవరకే చెప్పగలదు. తిరిగి లేచాడా అన్నది దాని పరిధిలోని వ్యాజ్యం కాదు.