నాలుగు దోసిళ్లు

ఈ దేశానికి మీరేమిచ్చారని మమ్మల్ని అడుగుతుంటారు. మాలో చదువుకున్నవాళ్లు వెంటనే చార్మినార్‌నూ తాజ్‌మహల్‌నూ చూపిస్తారు. అవి పాదుషాలు కట్టించినవి. మేం దూదేకినవాళ్లం, గాజులమ్మినవాళ్లం, సైకిళ్లకు పంక్చర్లు వేసినవాళ్లం. చూపించడానికి మా దగ్గర కోటలు లేవు. ఒక బియ్యం కుండ ఉంది.

గోల్కొండ చరిత్రలో లంగర్ కథ ఉంది. చిన్ననాటి అబ్దుల్లా కుతుబ్‌షాను ఎక్కించుకున్న ఏనుగు అడవిలోకి పారిపోయిందట. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు ఇస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకుందట. ఆ బంగారాన్ని పేదలకు పంచారని చెప్తారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు ఆరో నిజాం జనానికి అన్నం పెట్టించిన సంగతీ పుస్తకాలకెక్కింది. రాణి గొలుసుకు పేజీలున్నాయి. ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసిన మా అమ్మీలకు, నానీలకు ఒక్క వాక్యం లేదు.

ఆ పిడికెడు వెనక పెద్ద చరిత్రే ఉంది. రంజాన్ చివర మేం ఫిత్రా ఇస్తాం. హిజ్రీ రెండో ఏట మదీనాలో మొదలైన నియమమిది. దాని కొలత 'సా'. ఒక సా అంటే నాలుగు ముద్‌లు. ముద్ అంటే మామూలు మనిషి రెండు చేతులూ కలిపి పట్టిన దోసిలి. ఖర్జూరాలైతే నాలుగు దోసిళ్లు, గోధుమలైతే హనఫీల లెక్కలో అందులో సగం. అన్నం తినే మేం కూడా గోధుమల ధర కట్టి ఇవ్వడం అలవాటు చేసుకున్నాం. పండగ తెల్లవారకముందు పుట్టిన పసిగుడ్డు పేరునా ఇవ్వాలి. ఈద్ నమాజుకు ముందే అది పేదల ఇల్లు చేరాలి. పండగరోజు ఎవరూ చేయి చాచకూడదన్నదే ఇందులోని ఉద్దేశం. ముస్లిమేతర పేదలకూ ఫిత్రా ఇవ్వొచ్చని అబూ హనీఫా అన్నాడు. మాకు మేమే తప్ప ఎవరూ పట్టరనేవాళ్లు ఈ మాట వినాలి.

పిడికిలి బలమేమిటో లాహోర్ చూసింది. అక్కడ 1884లో అంజుమన్ హిమాయతె ఇస్లాం పుట్టింది. చేతిలో డబ్బు లేదు. రొట్టెల పిండి కలిపేటప్పుడు గుప్పెడు తీసి పెట్టమని ఇంటింటా ఆడవాళ్లను అడిగారు. ఆ పిండి పోగుచేసి అమ్మారు. బడులు, అనాథాశ్రమాలు నడిపారు. పరదా దాటి బయటికి రాని ఆడవాళ్లు కట్టిన బడులవి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో రోగానికి మా మతం అంటగట్టారు. గడ్డం చూసి కూరగాయల బండిని వెనక్కి పంపారు. ఏప్రిల్ చివర రంజాన్ వచ్చింది. మసీదుల్లో జమాత్ లేదు, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ లేదు. ఆ రోజుల్లోనే మా గల్లీల కుర్రాళ్లు ఇంటింటా బియ్యం, పప్పు, నూనె పోగుచేశారు. రోడ్డు వెంట నడిచిపోతున్న కూలీలకు అన్నం పొట్లాలిచ్చారు. కులం, మతం అడిగి ఇవ్వలేదు. తబ్లీగీలను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ ఆ ఏడాది ఆగస్టు 21న చెప్పింది. అంతకుముందే మా గల్లీల్లో కుండలు ఖాళీ అయిపోయాయి.

మమ్మల్ని మేం పొగుడుకోవడానికి ఇదంతా రాయడం లేదు. మా తప్పులూ ఉన్నాయి. బియ్యం సంచి చేతికిచ్చి ఫోటో తీయించుకునేవాళ్లు మాలోనూ తయారయ్యారు. చేయి చాచకూడదన్న నియమం చాచిన చేతి బొమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. దూదేకులవాళ్లకు, ఫకీర్లకు దానం చేసే షరీఫుల ఇళ్లు వాళ్లతో వియ్యమందడానికి మాత్రం ముందుకు రావు. దోసిలి కొలతలో తేడా లేనప్పుడు మనిషి కొలతలో తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? బయటివాళ్లను నిలదీసే మేం ఈ ప్రశ్నకు లోపల కూడా జవాబు చెప్పుకోవాలి.

మాకింకా పెద్దవాళ్లు మిగిలే ఉన్నారు. ఏ కరువుకు ఎవరింటికి ఎన్ని శేర్లు పంపారో, ఏ పండగకు తమ ఇంటికే ఎవరు పంపారో ఆ నానీలకు గుర్తుంది. వాళ్లుండగానే అడిగి రాసుకోవాలి. మా చరిత్ర అక్కణ్ణుంచి మొదలుపెడతాం.